చిన్న నావకు క్రొత్త ఇంజను

(ముంబయిలోని మన సభ్యుల మాస సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి నెలయు మనలో ఒకరు తమ వృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యవర్గము వారు నిర్ణయించిరి. పోయిన నెల అద్దకపు పనిని గూర్చియు, అంతకు ముందు నెల కుట్టుపనిని గూర్చియు వింటిరి. ఈ నెల వంతు మాది. మాకు మెట్రిక్యులేషనుకు మించిన చదువు లేదు. దారూఖానాలో పడవల సామగ్రి అమ్ముట, చిన్న నావల ఇంజన్లు బాగుచేయించుట తప్ప వేరు విద్య ఎరుగము. కావున ఒక తెరచాప నావలో చెడిపోయిన ఇంజనును తీసి దాని స్థానమున క్రొత్తదానిని ఎట్లు అమర్చితిమో చెప్పెదము. ఈ పనిలో మేము చేసిన తప్పు ఒకటి కలదు. దానిని దాచినచో ఈ ప్రసంగము వలన మీకు ప్రయోజనము లేదు గనుక అదియు చెప్పెదము.

తెరచాప గల నావకు ఇంజను ఎందుకని మీలో కొందరు అడుగవచ్చును. గేట్‌వే ఎదుట లంగరు వేసియుండు చిన్న నావలను ఆదివారపు సాయంకాలములలో మీరందరు చూచియుందురు. మధ్యాహ్నము సముద్రము మీదినుండి మంచి గాలి వీచును. ప్రొద్దు క్రుంకిన పిదప అది పలుమారు పడిపోవును. గాలి పడినను నీరు మాత్రము నిలువదు. మన రేవులో పెద్ద పోటు దినములలో నీటిమట్టము 4 మీటర్లకు పైగా లేచి దిగును. ఆ దిగు నీరు నావను దక్షిణముగా వెలుపలికి ఈడ్చును. కొలాబా కొనకు ఆవల రాతిగట్టును, దానిపై 1875లో కట్టిన ప్రాంగ్స్ దీపస్తంభమును కలవు. గాలిలేని వేళ ఆ దిక్కునకు కొట్టుకొనిపోవు నావకు ఇంజను ఆధారము. అది పనిచేయనిచో లంగరు ఒక్కటే దిక్కు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఫిబ్రవరి ఆదివారమున ఈ సంగతి జరిగెను. నావ యజమాని ఉద్యోగ విరమణ చేసిన వైద్యుడు. నావ పొడవు 30 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. దాని ఇంజను డీజిలుది, 30 ఏండ్లు దాటినది. ఏటేట దానిని శుభ్రపరచు పని మా దుకాణమునది. ఆ దినమున వైద్యుడు, ఆయన కుమారుడు మాండవా వైపు బయలుదేరుచు, తోడుగా మా వద్ద పని నేర్చుకొనుచున్న 19 ఏండ్ల కుఱ్ఱవానిని తీసికొనిపోయిరి. ఈ కుఱ్ఱవాడు మనవారి బిడ్డయే. వాని తాత ప్రభాదేవిలో ఒక బట్టల మిల్లులో మగ్గము నడిపి, 1982 నాటి సమ్మెలో పని పోగొట్టుకొన్నవాడు. మనుమడైనను ఇనుపపని నేర్చి నిలద్రొక్కుకొనవలెనని ఆ ఇంటివారు వానిని మాకు అప్పగించిరి.

నావ నాలుగు గంటల సేపు ఇంజను ఆపి గాలిమీదనే నడచెను. తిరిగివచ్చు వేళ గాలి పడిపోయెను. నీరు దిగుచుండెను. కుఱ్ఱవాడు ఇంజను మీట నొక్కెను. ఇంజను “దబ్బు” మని ఒక్క చప్పుడు చేసి ఆగెను. మరల నొక్కెను, కదలలేదు. వైద్యుడు “నొక్కు, నొక్కు” మని తొందరపెట్టెను. పదిమార్లు నొక్కినను ఫలము లేకపోయెను. వారు లంగరు వేసి రాత్రి అక్కడనే గడపిరి. తెల్లవారుజామున కోలీ జాలరుల పడవ ఒకటి వారిని త్రాటితో లాగికొని వచ్చినది. ప్రాణములకు అపాయము లేకపోయెను.

మరునాడు ఇంజను పైభాగము విప్పి చూడగా లోపల సముద్రపు నీరు కనబడెను. ఇక్కడ ఒక సూత్రము మీకు తెలియవలెను. ఇట్టి ఇంజనును చల్లబరచుటకు ఒక పంపు సముద్రపు నీటిని లోనికి లాగును. ఆ నీరు తన పని చేసి, పొగతో కలిసి పొగగొట్టము ద్వారా వెలుపలికి పోవును. నీటిని నెట్టునది పొగ వేగమే. ఇంజను అంటుకొనక వట్టిగా తిరుగుచున్నచో పొగ లేదు గనుక నీరు గొట్టములో నిలిచి, తుదకు ఇంజను లోనికే వెనుకకు వచ్చును. అందుచేత అంటుకొనని ఇంజనును పదే పదే త్రిప్పవలసి వచ్చినచో ముందుగా సముద్రపు నీటి వాల్వును మూయవలెను. ఈ నియమమును మేము ఆ కుఱ్ఱవానికి అంతకు ముందు వారమే నేర్పియుంటిమి. వాడు వాల్వు మూయలేదు. కావున తప్పు వానిదేనని మేము నిశ్చయించితిమి.

వానిని పిలిచి అడుగగా వాడు ఇట్లనెను: “కాకా, నేను మొదటిసారి నొక్కినప్పుడే దబ్బుమని ఆగింది. తర్వాత తిరగనే లేదు. నేను నొక్కకముందే లోపల నీళ్లున్నయి.”

తప్పించుకొనుటకు మాటలు కల్పించుచున్నావని మేము కసరితిమి. వాని తండ్రిని పిలిపించి, రెండు నెలలు సగము జీతము ఆపెదమని చెప్పితిమి. ఆయన మాకంటె పెద్దవాడు. “తమ్మీ, నలుగురి తగవులు తీర్చేవాడివి. నువ్వు చెప్పినంక ఇంకేమున్నది” అని తలవంచుకొని వెళ్లిపోయెను.

ఇంతలో వైద్యునకును మాకును వ్రాతలు మొదలయ్యెను. పిల్లవానిని పంపినది మీరని ఆయన, తొందరపెట్టినది మీరని మేము. ఈ విధముగా 11 దినములు గడచెను. ఆ దినములన్నిటను ఇంజను ఉప్పునీటితో అట్లే యుండెను. ఇంజనులో సముద్రపు నీరు చొచ్చిన నాడే చేయవలసిన పని యొకటి కలదు. డీజిలును చిమ్ము ఇంజెక్టర్లను విప్పి, ఇంజనును చేతితో త్రిప్పి నీటిని వెడలగొట్టవలెను. లోపల నూనె పోసి, పాలు కలిపిన టీ రంగునకు మారిన పాత నూనెను తీసివేసి, క్రొత్త నూనె పోసి నడిపి, శుభ్రమగు వరకు మరల మరల మార్చవలెను. అట్లు చేసిన ఇంజన్లు బ్రదికినవి పెక్కు కలవు. ఈ విషయము మాకు తెలియనిది కాదు. 20 ఏండ్లుగా ఇతరులకు చెప్పుచున్నదే. తప్పు ఎవరిదో తేల్చు తొందరలో చేయవలసినది చేయలేదు. పన్నెండవ నాడు చూడగా పిస్టను రింగులు త్రుప్పుతో బిగిసికొనిపోయెను. సిలిండరు గోడలు గుంటలు పడెను. మరమ్మతు వ్యయము లెక్క వేయగా క్రొత్త ఇంజను వెలలో సగమునకు మించెను. పాత ఇంజను భాగములు దొరకుటకు నెలలు పట్టునని తెలిసెను. క్రొత్తది కొనక తప్పలేదు.

ఎంత శక్తి గల ఇంజను కొనవలెను? ఒక వర్తకుడు 40 అశ్వశక్తుల ఇంజను కొనుడు, నావ ఎగిరిపోవునని వైద్యునకు చెప్పెను. నీటిని చీల్చుకొని పోవు ఇట్టి నావ వేగమునకు ఒక హద్దు కలదు. నీటిగీత వద్ద నావ పొడవు అడుగులలో ఎంతయో దాని వర్గమూలమును 1.34 చేత గుణింపవలెను. ఈ నావకు ఆ పొడవు 25 అడుగులు. వర్గమూలము 5. కావున హద్దు గంటకు 6.7 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 12 కిలోమీటర్లు. ఆపైన ఎంత శక్తి పెట్టినను నావ తోక క్రుంగి అల లేచునే కాని వేగము పెరుగదు. డీజిలు ఖర్చు మాత్రము పెరుగును. టన్నుకు సుమారు 4 అశ్వశక్తులు చాలునని వాడుక లెక్క. కావున 20 అశ్వశక్తుల ఇంజను తీసికొంటిమి.

వెల చెల్లించుటకు ముందు కొలతలు తీసికొనవలెను. ఇంజను కూర్చుండు రెండు దిమ్మెల నడుమ ఎడమెంత? ఆ దిమ్మెలమీదినుండి షాఫ్టు నడిమి ఎత్తెంత? షాఫ్టు ఎంత వాలుగా పోవుచున్నది? క్రిందికి దిగు ద్వారములో ఇంజను పట్టునా? మేము పలుచని చెక్కతో క్రొత్త ఇంజను కొలతకు ఒక పెట్టె చేసి లోపల పెట్టి చూచితిమి. నూనె కొలుచు పుల్ల, నూనె ఫిల్టరు, నీటి పంపు మూత, ఈ మూడింటికిని చేయి అందవలెను. చేయి అందని పనిని ఎవరును చేయరు. చేయని పని ఒకనాడు సముద్రముమీద బయటపడును.

పాత ఇంజను బరువు దాదాపు 200 కిలోలు. తెరచాప క్రింది అడ్డకొయ్యకు లోపలినుండి ఒక గుంజ ఊతముగా నిలిపి, పైనుండి తెరచాప ఎత్తు త్రాటితో పట్టి, ఆ కొయ్యకు చైను కప్పీ వ్రేలాడదీసి మెల్లగా పైకి తీసితిమి. దానికి ముందు గొట్టములన్నియు విప్పవలసి వచ్చెను. అక్కడనే నిజము బయటపడినది.

కిరసనాయిలు పీపాలో గొట్టము పెట్టి ఒకసారి నోటితో లాగి క్రిందికి వదలినచో నూనె తానుగా కారుచునే యుండునని మన ఇండ్లలో అందరికిని తెలియును. పడవలోను అదే ప్రమాదము కలదు. ఇంజనులో నీరు పొగతో కలియు చోటు సముద్రమట్టమునకు దిగువనైనను, దానికి చేరువగానైనను ఉన్నచో, ఇంజను ఆగిన పిదపను సముద్రము గొట్టము వెంట లోనికి కారుచునే యుండును. దీనిని ఆపుటకు నీటి గొట్టమును సముద్రమట్టమునకు బాగుగా పైకి తీసికొనిపోయి వంచి క్రిందికి దింపుదురు. ఆ వంపు శిఖరమున వేలెడంత వాల్వు ఒకటి పెట్టుదురు. ఇంజను ఆగగానే ఆ వాల్వు గాలిని లోనికి విడిచి నీటిధారను త్రెంచును.

మా పెద్ద మిస్త్రీ ఆ వాల్వును విప్పి నోటితో ఊదెను. గాలి పోలేదు. కుఱ్ఱవాని చేతికిచ్చెను. వాడును ఊదెను. పోలేదు. మూత తీసి చూడగా లోపలి రబ్బరు బిళ్ల తెల్లని ఉప్పుతో సున్నము పెట్టినట్లు బిగిసికొని యుండెను. నీటి పంపు విప్పగా దాని రబ్బరు రెక్కలును అరిగి నీటిని ఆపలేని స్థితిలో నుండెను. ఆ ఆదివారమున నావ గాలిమీద నడచిన నాలుగు గంటలును సముద్రము చుక్కచుక్కగా ఇంజనులోనికి చేరినది. కుఱ్ఱవాడు మీట నొక్కుటకు ముందే సిలిండరు నిండినది. నీరు గాలివలె అణగునది కాదు. కావుననే మొదటి నొక్కుకే “దబ్బు” మని ఆగినది. వాడు చెప్పినది అక్షరాల నిజము.

మా దుకాణపు గోడకు ఏటేట చేయవలసిన పనుల జాబితా యొకటి వ్రేలాడుచుండును. అది మా చేతివ్రాత. అందులో 14 పనులు కలవు. ఈ వాల్వును విప్పి కడుగుట వానిలో లేదు. పంపు రెక్కలు చూచుట కలదు గాని, ఆ ఏడు చూడకయే చూచినట్లు గుర్తు పెట్టినది మేమే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాకు తగినట్లు మరెవ్వరికిని తగదు.

ఆ సాయంకాలమే ఆపిన జీతము తీసికొని వాని ఇంటికి పోయితిమి. తండ్రి ఎదుటను, తల్లి ఎదుటను జరిగినది జరిగినట్లు చెప్పి క్షమింపుడని కోరితిమి. తండ్రి మాటాడలేదు. లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసెను. కుఱ్ఱవాడు డబ్బును చూడలేదు. “కాకా, ఆ జాబితాలో వాల్వు సంగతి రాయనా?” అని మాత్రము అడిగెను. ఇప్పుడు ఆ జాబితాలో 15 పనులు కలవు. మా మిస్త్రీలందరు చదువుకొనుటకు తెలుగులోను మరాఠీలోను వాడే తిరిగి వ్రాసినాడు. వాల్వు మొదటి వరుసలో నున్నది. వైద్యునకును నిజము వ్రాసి, క్రొత్త ఇంజను అమర్చుటకు కూలి తీసికొనలేదు. పాత వాల్వును, పాత గొట్టమును అట్లే ఉంచి క్రొత్త ఇంజను పెట్టియున్నచో ఏడాది తిరుగకముందే అదియు అదే చావు చచ్చియుండును.

ఇక మిగిలిన పని. క్రొత్త ఇంజను గేరుతో కూడ సుమారు 130 కిలోలు. దిమ్మెల ఎత్తు సరిచేసితిమి. పొగగొట్టము పాతది సన్నమైనందున తయారీదారు చెప్పిన వెడల్పునకు మార్చితిమి. నీటి గొట్టపు వంపును సముద్రమట్టమునకు 300 మిల్లీమీటర్లకు పైగా ఎత్తి, నావ ప్రక్కకు వాలినను మునుగకుండునట్లు నావ నడుమ గీతకు చేరువగా బిగించితిమి. డీజిలు తొట్టి ఖాళీచేయగా అడుగున నీరును, నల్లని మడ్డియు కనబడెను. కడిగి, నీటిని వేరుచేయు ఫిల్టరు పెట్టితిమి. పాత ఇంజను పంకాను ఎడమకు త్రిప్పునది, క్రొత్తది కుడికి. పాత పంకా ఉంచినచో ముందుకు పొమ్మన్న నావ వెనుకకు పోవును. కావున పంకాయు మార్చవలసి వచ్చెను. వెనుకకు నడుపునపుడు ఈ నావ తోక ఇకమీదట ఎడమకు జరుగునని వైద్యునకు ముందుగానే చెప్పితిమి. పాత అలవాటుతో గట్టుకు గ్రుద్దకుండుట మేలు గదా.

జూన్ నుండి సెప్టెంబరు వరకు వానకాలపు సముద్రము చిన్న నావలకు తగదు. గట్టుమీద నున్న ఆ నెలలలో ఈ పనులన్నియు ముగించితిమి. అక్టోబరులో నావ నీటికి దిగెను. అప్పుడు అన్నిటికంటె సున్నితమైన పని మిగిలెను. ఇంజను కొనయు షాఫ్టు మొదలును కలియు చోట రెండు ఇనుప బిళ్లలు ముఖాముఖిగా నుండును. వాని ముఖములు సరిగా కలియవలెను. 4 అంగుళముల బిళ్లకు ఏ ప్రక్కనైనను ఎడములో తేడా 0.1 మిల్లీమీటరు దాటరాదు. దాటినచో నావ వణకును, షాఫ్టు అరుగును, నీరు కారును. గట్టుమీద కుదిరిన లెక్క నీటిలో కుదురదు. నీటిలో నావ ఆకారము వెంట్రుకవాసి మారును. కొయ్య త్రాళ్లు బిగించి కొన్ని దినములు తేలనిచ్చిన పిదప తుది కొలత చూడవలెను.

ఈ పని ఆ కుఱ్ఱవానికే అప్పగించితిమి. వాడు పలుచని ఇనుప రేకులతో పైన, క్రింద, కుడి, ఎడమ కొలిచి, క్రింద ఎడము 0.3 మిల్లీమీటరు ఎక్కువగా నున్నదనెను. ఆ దినముననే నావ తీసికొనిపోవలెనని వైద్యుడు గట్టున నిలిచియుండెను. అంత తేడా చాలును, బిగింపుమని మా నోట మాట రాబోయెను. వాడు మా ముఖము చూచి, “కాకా, ఒక్క గంట ఇయ్యి” అనెను. ఈసారి వింటిమి. వాడు ఇంజను ముందరి రబ్బరు కాళ్లను కొంచెము కొంచెముగా దింపుచు, ప్రతిసారి నాలుగు ప్రక్కల కొలుచుచు, రెండు గంటలకు పని ముగించెను. నావను నీటిమీద పూర్తి వేగముతో నడుపగా ఇంజను తన నియమిత చుట్లను అందుకొనెను. నల్లపొగ లేదు. షాఫ్టు వద్ద చేయి పెట్టి చూడగా వణకు లేదు. మొదటి 50 గంటలు నడచిన పిదప నూనె మార్చి, రబ్బరు కాళ్లు క్రుంగియుండునని మరల కొలిచి సరిచేసితిమి. ఆ ఇంజను నేటికిని నడచుచున్నది.

మీలో పడవ కలవారు మిక్కిలి అరుదు. ఇంటిలో మోటారు పంపో, పనిచోట మరమగ్గమో, లారీయో లేనివారు కూడ అరుదే. యంత్రము చెడిన నాడు మొదట దానిని కాపాడు పని చేయుడు. తరువాత కారణము వెదకుడు. చెడినపుడు దగ్గర నున్నవాడు చిన్నవాడైనను, వాడు చూచినది ఏమో, విన్నది ఏమో నెమ్మదిగా అడుగుడు. మనము పరాయి ప్రాంతమునకు వచ్చి మూడు నాలుగు తరములు గడచినవి. మన పిల్లలకు పని నేర్పువారు పెక్కు చోట్ల మనవారే. వారిమాట మనమే వినకున్నచో వారు ఎవరితో చెప్పుకొందురు?

మీరు మమ్మును ఈ సంఘమున పెద్దగా నిలిపి తగవులకు పిలుచుచున్నారు. మా దుకాణములోని తగవునే తప్పుగా తీర్చినవారమని తెలిసి ఇకమీదట పిలువవలెనో వద్దో మీరే ఆలోచింపుడు. పిలిచినచో మాత్రము ఎదుటివారి మాట తుదివరకు విని తీర్పు చెప్పెదము.